పసుపు కల్లంలో క్రోమ్‌బుక్

మా టీములో నాకు 'పలక ఇంజినీరు' అని పేరు. జనవరి వచ్చిందంటే చాలు, ఆఫీసు ఇచ్చిన రెండు కిలోల పైచిలుకు లాప్‌టాప్‌ని హైదరాబాద్ ఇంట్లో బీరువాలో పెట్టేసి, కిలోంబావు బరువుండే క్రోమ్‌బుక్ ఒకటి సంచిలో వేసుకుని ఆర్మూరు బస్సెక్కుతాను. మళ్ళీ తిరిగొచ్చేది మార్చి ఆఖర్లోనే. ఆ మూడు నెలలూ కోడు రాసేదీ, వేరేవాళ్ళ కోడు చూసేదీ, అర్ధరాత్రి ఏదైనా పడిపోతే లేచి నిలబెట్టేదీ అంతా దాని మీదే. కొత్తగా చేరిన పిల్లలు "బ్రౌజర్ తప్ప ఇంకేం లేని డబ్బా మీద నిజం పని ఎలా చేస్తారన్నా?" అని అడుగుతుంటారు. ప్రతి ఏడూ ఇదే పురాణం మొదట్నుంచీ చెప్పలేక, ఈసారి మొత్తం రాసేద్దామని కూర్చున్నాను.

ముందే ఒక మాట. ఇదేదో తక్కువలో బతకాలన్న వ్రతం కాదు. నాకు పెద్ద తెరలూ, 32 జీబీ ర్యామూ, టకటకలాడే మెకానికల్ కీబోర్డులూ అంటే ప్రాణం. నన్ను ఈ దారి పట్టించింది పసుపు.

ఆర్మూరు తెలియని వాళ్ళ కోసం: హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి మీద, నిజామాబాద్ జిల్లాలో ఉంది మా ఊరు. నల్లరాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే సిద్ధుల గుట్ట కనిపిస్తే ఊరొచ్చినట్టు లెక్క. చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో పసుపు, ఎర్రజొన్న. జూన్‌లో పెట్టిన పసుపు తొమ్మిది నెలల పాటు భూమిలో ఉంటుంది. ఇంత ఓపికైన పంట, తవ్వడం మొదలయ్యాక మాత్రం ఒక్క రోజు ఆగదు. తవ్వాలి, కొమ్ము వేరు మండ వేరు చెయ్యాలి, నాలుగు రోజుల్లో ఉడకబెట్టాలి, పది పదిహేను రోజులు కల్లంలో ఎండబెట్టాలి, ఆ తర్వాత పాలిష్ పట్టాలి. ఐదు క్వింటాళ్ళ పచ్చి పసుపు ఎండితే చేతికొచ్చేది సుమారు ఒక క్వింటాలు. అప్పుడు నిజామాబాద్ యార్డుకో, రేటు బాగుందంటే మహారాష్ట్రలో సాంగ్లీకో తోలాలి.

2021 వానాకాలంలో మా బాపుకి పక్షవాతం వచ్చింది. ప్రాణానికి ఏం కాలేదు కానీ కుడి చెయ్యి పడిపోయింది. అప్పటికే మూడెకరాల్లో పసుపు ఉంది. వచ్చే ఏడాది నుంచి భూమి కౌలుకిచ్చేద్దాం అంది అమ్మ. నేను ఉద్యోగం మానేస్తానన్నాను. ఎవరం కూడా మనస్ఫూర్తిగా అన్న మాటలు కావవి. చివరికి మా మేనేజరు, పుణ్యాత్ముడు, సీజన్ మూడు నెలలూ ఊరి నుంచి పనిచేసుకోమన్నాడు. "పని మాత్రం ఆగకూడదు" అని ఒకటికి రెండుసార్లు చెప్పి మరీ.

మొదటి ఏడాది ఆఫీసు లాప్‌టాప్‌తోనే వెళ్ళాను. కల్లం పక్కన రేకుల షెడ్డు కింద టేబులు వేసుకుని పని. పసుపు పాలిష్ పట్టడం చూశారా ఎప్పుడైనా? పెద్ద ఇనుప డ్రమ్ములో ఎండు కొమ్ములు వేసి గిరగిరా తిప్పుతారు. కొమ్ములు ఒకదానికొకటి రాసుకుని పైపొట్టు ఊడిపోతుంది. ఆ పొట్టు, ఆ దుమ్ము ఆ చుట్టుపక్కల చెట్టునీ పుట్టనీ వదలదు. ఫిబ్రవరి చివరికి నా లాప్‌టాప్ ఫ్యాను హెలికాప్టర్ లాగా మోత మొదలుపెట్టింది. మార్చి మొదటి వారంలో వేడెక్కి దానంతటదే ఆగిపోవడం మొదలైంది. నిజామాబాద్ తీసుకెళ్తే, రిపేరు షాపు కుర్రాడు వెనక మూత విప్పి ఒక నిమిషం అలా చూస్తూండిపోయాడు. "దీనికి లోపల్నుంచి పసుపు రాసిన్రా సార్, పెండ్లి గిట్ల జేసిన్రా?" అన్నాడు :)

ఫ్యాను లేని లాప్‌టాప్ కావాలి. నా బడ్జెట్లో అప్పుడు చేతికి దొరికింది 8 జీబీ ర్యామ్, సెలరాన్ ప్రాసెసరు ఉన్న క్రోమ్‌బుక్. అంటే ఇందులో సిద్ధాంతమేమీ లేదు, పసుపు దుమ్ము మాత్రమే.

అయితే క్రోమ్‌బుక్‌తో నాకది మొదటి పరిచయం కాదు. ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. గూగుల్ వాళ్ళు క్రోమ్ ఓఎస్ సంగతి బయటపెట్టింది 2009 లో. సామ్‌సంగ్, ఏసర్ తయారు చేసిన మొదటి క్రోమ్‌బుక్‌లు అమ్మకానికొచ్చింది 2011 జూన్‌లో. నేను 2015 లో ఒకటి కొన్నాను. 2 జీబీ ర్యామ్, 16 జీబీ ఎస్‌ఎస్‌డీ. అప్పట్లో క్రోమ్‌బుక్ మీద లినక్స్ కావాలంటే 'డెవలపర్ మోడ్'లో పెట్టి 'క్రూటన్' అనే స్క్రిప్టుతో ఉబుంటు ఎక్కించుకునేవాళ్ళం. క్రోమ్ ఓఎస్ అడుగున ఉన్నది ఎలాగూ లినక్స్ కెర్నెలే కాబట్టి, దాన్నే వాడుకుంటూ పక్కనే ఇంకో సంసారం పెట్టినట్టన్నమాట. భలేగా పనిచేసేది.

ఒక్కటే ఇబ్బంది. డెవలపర్ మోడ్‌లో ఉన్న యంత్రం ఆన్ చేసిన ప్రతిసారీ ఒక తెల్ల తెర వస్తుంది, భద్రతా తనిఖీ ఆపేసి ఉంది, మళ్ళీ పెట్టాలంటే స్పేస్‌బార్ నొక్కండి అని. నొక్కి, ఆ తర్వాత ఎంటర్ కూడా నొక్కితే, లోపలున్న సమస్తం తుడిచేసి కొత్త పెళ్ళికూతురిలా తయారవుతుంది. వద్దనుకుంటే కంట్రోల్, డి కలిపి నొక్కాలి. ఏ తెలివైనవాడు పెట్టాడో గానీ, ప్రపంచంలో ఏ పిల్లవాడికి కీబోర్డు ఇచ్చినా ముందు నొక్కేది స్పేస్‌బార్, తర్వాత ఎంటర్. మా అక్క కొడుకు అదే చేశాడు. వాడికప్పుడు ఐదేళ్ళు. తొమ్మిది రోజుల కోడు పోయింది. ఎక్కడికీ పుష్ చెయ్యని కోడు. వాణ్ణి ఏమనగలం? "మామా, తెల్లగయింది" అని వాడే నవ్వుతూ వచ్చి చెప్పాడు.

ఆ దెబ్బతో నాకు పట్టుకున్న చాదస్తం ఏమిటంటే, చేతిలో ఉన్న యంత్రాన్ని నమ్మకూడదు. అన్నీ సర్వరు మీదే ఉండాలి. లాప్‌టాప్ పోతే పదిహేను నిమిషాల్లో ఇంకోటి తెరిచి ఆపిన చోటు నుంచి మొదలుపెట్టగలగాలి.

2022 లో కొత్తది కొన్నప్పుడు ఈ చాదస్తం కలిసొచ్చింది. ఇప్పుడు డెవలపర్ మోడ్ గొడవ లేదు. 2018 లో గూగుల్ వాళ్ళే లినక్స్‌ని అధికారికంగా ప్రకటించారు, 2021 లో దాని మీద బీటా ముద్ర తీసేశారు. ఒక చిన్న వర్చువల్ మెషిన్, దాని లోపల ఒక కంటెయినరు, అందులో డెబియన్. ఆ కంటెయినరు పేరు 'పెంగ్విన్'. సెట్టింగుల్లో ఒక మీట నొక్కితే వచ్చేస్తుంది. పిల్లలు స్పేస్‌బార్ మీద ఎన్నిసార్లు డాన్సు చేసినా పోదు.

అసలు పని మాత్రం సర్వరు మీద. మాది జావా. పెద్ద ప్రాజెక్టు, మొత్తం కంపైల్ చేసి పరీక్షలన్నీ నడిపితే సెలరాన్ మీద మధ్యాహ్నం భోజనం, కునుకు రెండూ అయిపోతాయి. కాబట్టి 16 కోర్ల సర్వరు ఒకటి క్లౌడ్‌లో. ఇక్కణ్ణుంచి మోష్‌తో దాంట్లోకి వెళ్తాను, అక్కడ టీమక్స్ నడుస్తుంటుంది. మోష్ తెలియని వాళ్ళు తప్పక చూడండి. 2012 లో ఎమ్‌ఐటీ వాళ్ళు చేశారు. ఎస్‌ఎస్‌హెచ్ లాంటిదే గానీ యూడీపీ మీద నడుస్తుంది. నెట్ పోయినా, వైఫై నుంచి ఫోన్ హాట్‌స్పాట్‌కి మారినా, మూత మూసి గంట తర్వాత తెరిచినా సెషన్ చెక్కు చెదరదు. పైగా మీరు నొక్కిన అక్షరం సర్వరు దాకా వెళ్ళి వచ్చేలోపే ఊహించి తెర మీద చూపిస్తుంది. ఊరి నెట్ మీద దాని విలువేమిటో గచ్చిబౌలిలో కూర్చుంటే తెలియదు.

దూరం సంగతి కూడా చెప్పాలి. 2015 ప్రాంతంలో అమెజాన్ వాళ్ళ సర్వరు కావాలంటే మనకి దగ్గర్లో ఉన్నది సింగపూర్. 2016 లో ముంబయి వచ్చింది. 2022 నవంబరులో హైదరాబాద్ వచ్చింది. నేను పని చేసే యంత్రం సముద్రాలు దాటి, చివరికి ఆర్మూరుకి రెండు వందల కిలోమీటర్ల లోపుకి వచ్చింది. ఫోన్ హాట్‌స్పాట్ మీద కూడా అక్షరం నొక్కితే అక్కడ పడుతున్నట్టే ఉంటుంది. వీఎస్ కోడ్ కావాలన్నా ఎడిటరు ఇక్కడ, కోడు అక్కడ పెట్టి నడిపించుకోవచ్చు. ఎక్కువగా విమ్‌లోనే ఉంటాను కాబట్టి నాకు దాని అవసరం పెద్దగా పడలేదు.

భద్రతా విభాగం వాళ్ళు ఒప్పుకోరేమో అని భయపడ్డాను. వాళ్ళే ముందు ఒప్పుకున్నారు. కోడు లాప్‌టాప్ మీద ఉండదు, పోయినా పోయేది డబ్బానే అన్న మాట వాళ్ళకి తెగ నచ్చింది. (ఇది గుర్తుపెట్టుకోండి, దీని దగ్గరికే మళ్ళీ వస్తాను.)

మావాళ్ళు ఎవరూ ఒప్పుకోని ఈ ఏర్పాటు, మా బాపుకి ఒక్క నిమిషంలో అర్థమైంది. మంచం మీద కూర్చుని ఆ యంత్రం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గింతదాంట్ల నీ కొలువు పడ్తదారా?"

"కంపెనీ పని చేసే పెద్ద మిషన్ హైదరాబాద్‌ల ఉన్నది బాపూ. దాన్ని కిరాయికి తీసుకున్నం. గిది ఉత్త తెర, మీటలు."

"మరి గంతే గద. బాయిలర్ మనదా? పాలిష్ డ్రమ్ము మనదా? కిరాయికి తెస్తలేమా? పసుపు మనదైతే సాలు."

మా దగ్గర వెనకటికి పెద్ద కడాయిల్లో పసుపు ఉడికించేవాళ్ళు. ఇప్పుడు ట్రాక్టరు వెనక కట్టుకొచ్చే ఆవిరి బాయిలర్లు. ఒక్కో పొలం తిరుగుతూ వస్తాయి, డ్రమ్ముకి ఇంత అని కిరాయి. ఏడాదిలో ఓ వారం పని ఉన్న యంత్రాన్ని కొనుక్కునే రైతు ఉండడు. గంటల లెక్కన సర్వరు అద్దెకు తీసుకోవడానికి మనం ఇంగ్లీషులో పేర్లు పెట్టుకుని పుస్తకాలు రాసుకున్నాం గానీ, విషయం అదే.

అన్నట్టు, పెద్ద పనిని మీటల డబ్బాలతో నడిపిన ముచ్చట ఇంకోటి మా నియోజకవర్గంలోనే ఉంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు బోర్డు కోసం, పసుపు, ఎర్రజొన్నలకు మద్దతు ధర కోసం రైతులు మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. నిజామాబాద్ బరిలో మొత్తం 185 మంది, అందులో 170 మందికి పైగా రైతులే. పాత తరం ఈవీఎంకి నాలుగు బ్యాలెట్ యూనిట్లు, అంటే 64 పేర్లకి మించి తగిలించడానికి కుదరదు. అందుకని ఎం3 రకం తెప్పించారు, దానికి 24 దాకా కలపొచ్చు. యూనిట్‌కి 16 మీటలు. 185 మంది, పైన నోటా. లెక్కేసుకోండి, పన్నెండు యూనిట్లు! ఏప్రిల్ 11 న మా ఊరి బడిలో వాటిని ఎల్ ఆకారంలో బల్లల మీద పేర్చి ఉంటే చూసి నాకు నవ్వూ వచ్చింది, ముచ్చటా వేసింది. ఆ పన్నెండింటిలో ఒక్కదాంట్లోనూ ఓటు నిల్వ ఉండదు. అవి ఉత్త మీటలు. లెక్కంతా పక్కనున్న కంట్రోల్ యూనిట్‌లో. (ఆ పసుపు బోర్డు 2025 జనవరి 14 న, నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది.)

సరే, ఇక్కడిదాకా అంతా బాగుంది. ఇప్పుడు అసలు సంగతి.

బాపు ఆ రోజు ఇంకో మాట కూడా అన్నాడు. నేనప్పుడు పట్టించుకోలేదు. "బాయిలరాయన చెప్పిన దినం రాకుంటే మాత్రం పసుపు కరాబయితది."

2023 ఫిబ్రవరి. మా పొలానికి బాయిలర్ వంతు రాత్రి పూట వచ్చింది. ఏడింటికి డ్రమ్ములు ఎక్కించారు. ఎనిమిదింటికి హైదరాబాద్ నుంచి ఫోను. ఆ మధ్యాహ్నం నేను కలిపిన మార్పులో తప్పుంది. రాత్రి రెండింటికి నడిచే బ్యాచ్ జాబ్ కొన్ని వేల ఖాతాలకి తప్పు మొత్తాలు లెక్కకట్టబోతోంది. ఎక్కడో అర్థమైంది, పైసల్ని రూపాయలుగా మార్చే చోట గుండ్రం చేయడంలో పొరపాటు. ఆ కోడు రాసింది నేను, తెలిసింది నాకే. పాత వెర్షనుకి వెనక్కి వెళ్దామంటే, ఆ మార్పు మీద ఇంకో ఇద్దరి పని అప్పటికే ఎక్కి ఉంది. "అరగంటలో సరిచేస్తా" అని ఫోన్ పెట్టేశాను.

పెట్టేసిన పది నిమిషాలకి నెట్ పోయింది. ఇంట్లో ఫైబర్ పోయింది, ఫోన్లో సిగ్నల్ పోయింది. రోడ్డు తవ్వుతూ ఎక్కడో తీగ తెంపారట, తెల్లారాక తెలిసింది. మోష్ తెర మీద పైన నీలం పట్టీ, సర్వరు నుంచి చివరిసారి కబురు వచ్చి ఇన్ని సెకన్లు అయిందని లెక్కపెడుతూ కూర్చుంది. 16 కోర్ల యంత్రం హైదరాబాద్‌లో హాయిగా ఉంది. నా చేతిలో ఉన్నది పన్నెండు ఈవీఎంలలో ఒకటి.

అదృష్టం ఏమిటంటే, ఆ నెల మొదట్లో ఇంకేదో పని కోసం ఆ ఒక్క మాడ్యూలుని, భద్రతా విభాగం వాళ్ళ దగ్గర విడిగా అనుమతి తీసుకుని, లోపలి డెబియన్‌లోకి క్లోన్ చేసి ఉంచాను. నాలుగు రోజుల పాతది. జేడీకే ఉంది, మావెన్ దింపుకున్న లైబ్రరీలు ఉన్నాయి. నేను చేసిన మార్పు నాకు గుర్తుంది. మళ్ళీ టైపు చేశాను, తప్పు సరిచేశాను, తప్పుని పట్టుకునే పరీక్ష ఒకటి రాశాను. సర్వరు మీద ఒక్క నిమిషం కూడా పట్టని ఆ మాడ్యూలు పరీక్షలు ఇక్కడ పద్నాలుగు నిమిషాలు తీసుకున్నాయి. ఆ పద్నాలుగు నిమిషాలూ బాయిలర్ దగ్గర నిలబడ్డాను. పసుపు ఉడికిందో లేదో చూడటానికి పుల్ల గుచ్చి చూస్తారు, మెత్తగా దిగాలి. ఎక్కువ ఉడికితే రంగు పోతుంది, తక్కువైతే ఎండాక లోపల గట్టిబడదు. ఆ పని ప్రతి ఏడూ బాపుది. ఆ ఏడు నాది. నాకేమో ప్రతి కొమ్మూ ఒకేలా దిగుతోంది.

పరీక్షలు పచ్చగా వచ్చాయి. ఆ ప్యాచ్ మూడు కిలోబైట్లు. దాన్ని మోసుకుని స్కూటరు మీద హైవే ఎక్కి, నిజామాబాద్ వైపు సిగ్నల్ దొరికేదాకా వెళ్ళాలి. ఉన్న డ్రమ్ము సగం ఉడికి ఉంది. అమ్మ ఏమీ అనలేదు. బాపు మాత్రం కుర్చీని బాయిలర్ దగ్గరికి జరపమన్నాడు, అంతే.

పన్నెండు కిలోమీటర్లు వెళ్ళాక రెండు గీతల సిగ్నల్ వచ్చింది. రోడ్డు పక్కన స్కూటరు సీటు మీద క్రోమ్‌బుక్ పెట్టి పుష్ చేశాను. అవతల మా టీమువాడు చదివి, డిప్లాయ్ చేసి, "అయింది" అని మెసేజ్ పెట్టేసరికి పదకొండున్నర. తిరిగొచ్చేసరికి బాపు ఎడమ చేత్తో పుల్ల పట్టుకుని, ఐదో డ్రమ్ము చూస్తున్నాడు. ఆ చేత్తో అన్నం కూడా సరిగా కలుపుకోలేడు అప్పటికి. "మూడోది జెర ఎక్కువైంది, గది ఇడిగ పోయమన్న" అన్నాడు.

ఆ తర్వాత నా పద్ధతి మారింది. అన్నీ సర్వరు మీదే అన్న చాదస్తం పోయింది. ఒక రాత్రికి సరిపడా పని మాత్రం ఇక్కడే ఉంటుంది. నేను బాధ్యుణ్ణి అయిన మాడ్యూళ్ళు, వాటి లైబ్రరీలు, ఒక చిన్న పోస్ట్‌గ్రెస్, డాక్యుమెంటేషను. రోజూ పొద్దున ఏడింటికి ఒక స్క్రిప్టు వీటన్నిటినీ తాజా చేస్తుంది. మొత్తం కలిపి 20 జీబీ దాటదు. భద్రతా విభాగం వాళ్ళు ఈసారి మూతి ముడిచారు, "కోడు లాప్‌టాప్ మీద ఉండదన్నారుగా" అని. నాలుగు వారాల వాదన తర్వాత, మాడ్యూళ్ళ పట్టీ ఇచ్చి, మూత తెరిచేందుకు సెక్యూరిటీ కీ పెట్టి ఒప్పించాను. క్రోమ్‌బుక్ అంటే కిటికీ మాత్రమే అనే వాళ్ళతోనూ, 32 జీబీ లేనిదే ఇంజినీరింగే కాదనే వాళ్ళతోనూ నాకిప్పుడు సమానంగా గొడవ.

చేతకానివి కూడా చెప్పకపోతే అన్యాయం. 8 జీబీలో డాకర్ కంటెయినర్లు మూడు దాటితే యంత్రం మూలుగుతుంది. ఆండ్రాయిడ్ ఆప్‌లు చేసేవాళ్ళు ఈ ధరలో వచ్చే వాటి జోలికి పోకండి. కెర్నెల్ మాడ్యూళ్ళతో పని ఉన్నవాళ్ళకి ఇది అసలు కుదరదు. డిలీట్ మీట ఉండదు, ఎఫ్1 నుంచి ఎఫ్12 ఉండవు, అలవాటయ్యేదాకా తిట్టుకుంటారు. క్యాప్స్‌లాక్ ఉండాల్సిన చోట వెతుకులాట మీట ఉంటుంది. నేను దాన్ని ఎస్కేప్‌గా మార్చుకున్నాను, విమ్ వాడేవాళ్ళకి ఇది వరం.

పాతవి కొనేవాళ్ళకి ఒక హెచ్చరిక. ప్రతి క్రోమ్‌బుక్‌కీ అప్‌డేట్లు ఆగిపోయే తారీకు ఒకటి ఉంటుంది. నా 2015 నాటి దానికి 2019 లోనే అయిపోయింది, యంత్రం మాత్రం రాయిలా ఉంది. 2023 సెప్టెంబరులో గూగుల్ దీన్ని పదేళ్ళకి పెంచింది. అయితే ఆ పదేళ్ళు మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ ప్లాట్‌ఫామ్ మొదట విడుదలైన రోజు నుంచి. చౌకగా వచ్చిందని తీసుకునే ముందు సెట్టింగుల్లో ఆ తారీకు చూసుకోండి.

ఈ ఏడు తవ్వకం అయిపోయింది. కొమ్ములు కల్లంలో ఎండుతున్నాయి. బాపు చెయ్యి కొంత నయం, పుల్ల ఇప్పుడు కుడి చేత్తోనే పట్టుకుంటున్నాడు. పొద్దున్నే వచ్చి నా పక్కన కుర్చీ వేసుకుని, నిజామాబాద్ యార్డు రేటెంతో చూడమంటాడు. నేను మీటింగులో ఉంటే ఆగడు, తనే టచ్‌ప్యాడ్ మీద వేలు పెట్టి కిందకి జరుపుతాడు. నిన్న అలా జరుపుతూ జరుపుతూ నేను సగం రాసిన రివ్యూ కామెంటుని పంపించేశాడు. "గిది మళ్ళొకసారి చూడు, నాకైతే" అన్న దగ్గర ఆగిపోయింది కామెంటు. అవతలి కుర్రాడు పాపం దాన్ని మూడుసార్లు చదివి, నిజంగానే ఒక తప్పు కనిపెట్టి సరిచేశాడు.

పాలిష్ వచ్చే గురువారం. కీబోర్డు మీద కప్పడానికి సిలికాన్ కవరు ఒకటి తెప్పించాను, ఎలా ఉందో చూడాలి.